పగడాలు, చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం ట్యాంకులో నీళ్లు తిప్పడం ఎలా? పంపు కొనే ముందు, కొన్నాక చేయాల్సినవి

"అన్నా, మూడడుగుల ట్యాంకు పెట్టిన. ఏ పంపు కొనాలె?"

మిర్యాలగూడ నుంచి ఒకరు అడుగుతారు, వనపర్తి నుంచి ఇంకొకరు. నేను తిరిగి అడిగేది ఒకటే: "రాళ్లు ఎట్ల పేర్చినవ్? ఫొటో పంపు." పంపు గురించి అడిగితే రాళ్ల సంగతి ఎందుకని కొందరికి చికాకు. కానీ నేను చూసిన ట్యాంకుల్లో చాలావాటికి పంపు చాలక కాదు ఇబ్బంది. ఉన్న పంపు నీళ్లు రాళ్ల వెనక్కి చేరడం లేదు, అంతే. సాగర్ ఎడమ కాలువ కింద చివరి భూములు ఉన్నవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. తూము దగ్గర ఎంత నీరు వదిలారన్నది కాగితం మీది లెక్క. చివరి మడి తడిసిందా లేదా అన్నదే అసలు లెక్క.

థియరీ ఎక్కువ చెప్పను. పగడం కదలదు. దాని తిండి, ఆక్సిజన్ నీళ్లే తెచ్చివ్వాలి, దాని చెత్త నీళ్లే మోసుకుపోవాలి. నీరు ఆగిన చోట మడ్డి పేరుకుంటుంది, మడ్డి కుళ్లితే నైట్రేట్, ఫాస్ఫేట్ పెరుగుతాయి, ఆ వెనకే ఎర్ర జిగురు పాచి వస్తుంది. పైగా నీటి ఉపరితలం కదలకపోతే ఆక్సిజన్ లోపలికి రాదు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. ఇంతే.

మొదలుపెట్టే ముందు చట్టం గురించి ఒక మాట. మన దేశంలో గట్టి అస్థిపంజరం ఉండే రాతి పగడాలన్నీ, వాటితోపాటు సముద్రపు విసనకర్రలు (విసనకర్ర ఆకారపు పగడాలు), సముద్ర గుర్రాలు కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాబితాలో ఉన్నాయి. సముద్రం నుంచి ఏరుకొచ్చిన పగడపు రాయి ఎవరైనా చవగ్గా ఇస్తానంటే తీసుకోకండి. సిరామిక్ రాళ్లు, చేపలు, చట్టబద్ధంగా దొరికే మెత్తటి జాతులతోనే అందమైన ట్యాంకు పెట్టొచ్చు. కింద అక్కడక్కడా రాతి పగడాల పేరు వస్తుంది. అది ప్రవాహం లెక్క అర్థం కావడానికే.

కావలసినవి

వేవ్‌మేకర్లు రెండు. ట్యాంకు లోపలి అద్దానికి మ్యాగ్నెట్‌తో పట్టి ఉండి నీటిని కదిలించే పంపులివి. ఒకటి పెద్దది కొనే బదులు చిన్నవి రెండు కొనండి, కారణం తర్వాత చెప్తాను. వేగం తగ్గించి పెంచుకునే 24 వోల్టుల డీసీ రకమైతే మంచిది, కరెంటు తక్కువ తాగుతుంది, నీటిని కూడా తక్కువ వేడి చేస్తుంది. సంప్ (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టె) ఉంటే, అందులోంచి నీళ్లు పైకి తెచ్చే రిటర్న్ పంపు ఒకటి. మెడికల్ షాపులో దొరికే 50 లేదా 60 మిల్లీలీటర్ల పెద్ద సిరంజి. జానెడు తెల్లటి కాటన్ దారం, ఒక ప్లాస్టిక్ స్ట్రా. 10 లీటర్ల బకెట్. టార్చిలైటు. థర్మామీటరు. పంపులు కడగడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు. బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు. ట్యాంకు ప్లగ్గుల లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. ఈ చివరిదాన్ని చాలామంది ఖర్చని వదిలేస్తారు. ఉప్పునీళ్లలో చెయ్యి పెట్టే పని ఇది. వదలకండి.

అక్కర్లేనిది కూడా చెప్తాను: ఎయిర్ కూలర్ మోటరు. మన దగ్గర ప్రతి ఇంట్లో ఒకటి పాతది మూలన పడి ఉంటుంది కాబట్టి ఈ ఐడియా అందరికీ వస్తుంది. నాకూ వచ్చింది. కూలర్ మోటరు మంచినీళ్ల కోసం చేసింది. ఉప్పునీళ్లలో దాని ఇరుసు, స్క్రూలు తుప్పు పడతాయి. లోపలి రాగి నీళ్లలోకి దిగితే నత్తలు, రొయ్యలు ముందు పోతాయి. ఫౌంటెన్ పంపుల సంగతీ అంతే, "ఉప్పునీటికి పనికొస్తుంది" అని రాసి ఉంటే తప్ప వద్దు.

1. ముందు మీ ట్యాంకులో నిజంగా ఎన్ని లీటర్లున్నాయో లెక్కేయండి

పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగించండి. 90 × 45 × 40 అయితే 162 లీటర్లు. ఇసుక, రాళ్లు ఆక్రమించిన చోటు తీసేస్తే సుమారు 140 లీటర్లు మిగులుతాయి. షాపువాళ్లు ట్యాంకు అంచు వరకు కొలిచి 182 లీటర్లంటారు. ఆ లెక్క మనకొద్దు.

ఇప్పుడు ఈ 140ని గంటకు ఎన్నిసార్లు తిప్పాలో చూద్దాం. చేపలు, రాళ్లు మాత్రమే ఉంటే 10 రెట్లు చాలు, అంటే గంటకు 1400 లీటర్లు. తోలు పగడాలు, పుట్టగొడుగు పగడాల వంటి మెత్తటివి ఉంటే 10 నుంచి 20 రెట్లు. అన్నీ కలిపిన ట్యాంకుకు 20 నుంచి 40, అంటే 2800 నుంచి 5600 లీటర్లు. సన్నటి కొమ్మల రాతి పగడాలకైతే 40 దాటాలి. ఇవి అభిరుచి ఉన్నవాళ్లు ఏళ్లుగా వాడుతున్న అంచనాలు. మొదలుపెట్టడానికి పనికొస్తాయి, చివరి తీర్పు మాత్రం ఏడో మెట్టులో చేసే పరీక్షదే.

మూడడుగుల ట్యాంకుకు నేను చెప్పేది: గంటకు 2000 నుంచి 2500 లీటర్లు తోసే వేవ్‌మేకర్లు రెండు. వేగం తగ్గించుకునే వీలున్నవి.

2. రాళ్లు ముందు, పంపు తర్వాత

వెనక అద్దానికి ఆనించి రాళ్లను గోడలా పేర్చడం అందరూ చేసే మొదటి తప్పు. ఫొటోలో నిండుగా కనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత ఆ గోడ వెనక చెయ్యి పెడితే నల్లటి మడ్డి.

వెనక అద్దానికీ రాళ్లకూ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు వదలండి. పక్క అద్దాల దగ్గర కూడా అంతే. అద్దం తుడిచే మ్యాగ్నెట్ కూడా అప్పుడే తిరుగుతుంది. రాళ్లను ఒకే కుప్పగా కాకుండా రెండు గుట్టలుగా పెట్టండి, మధ్యలో నీరు పోవడానికి దారి ఉంటుంది. కింద కూడా ఒకటి రెండు చోట్ల సొరంగంలా ఖాళీ ఉంచండి. నల్గొండ చుట్టుపక్కల గుట్టలు చూసినవాళ్లకు బండ మీద బండ ఎలా నిలుస్తుందో వేరే చెప్పాలా. కింద మూడు చోట్ల ఆనితే చాలు.

రాళ్లు ఇసుక మీద కాదు, ట్యాంకు అడుగు మీద నేరుగా ఆనాలి. ఇసుక తర్వాత పోయండి. లేకపోతే ప్రవాహం ఇసుకను కోసేశాక రాయి ఒరుగుతుంది, ఒరిగితే అద్దం మీదకే.

ఇసుక విషయంలో, పంచదార కంటే సన్నగా ఉండేది వద్దు. ప్రవాహం పెంచగానే లేచి పగడాల మీద పడుతుంది. 1 నుంచి 2 మిల్లీమీటర్ల గింజ ఉంటే సరిపోతుంది.

ఇప్పటికే ట్యాంకు నడుస్తోంది, రాళ్లు కదపలేం అంటారా? అప్పుడు గోడ వెనక తక్కువ వేగంతో ఒక చిన్న వేవ్‌మేకర్ పెట్టి, నీటిని ఆ సందు పొడవునా పంపండి. అందంగా ఉండదు కానీ పని జరుగుతుంది.

3. రిటర్న్ పంపును డబ్బా మీది అంకెతో నమ్మకండి

సంప్ లేనివాళ్లు ఈ మెట్టు దాటేయండి.

రిటర్న్ పంపు పని సంప్‌లోంచి నీళ్లు పైకి తేవడం. ట్యాంకు నీళ్లను గంటకు నాలుగైదు సార్లు తెస్తే చాలు, మన లెక్కలో 560 నుంచి 700 లీటర్లు. ప్రవాహమంతా దీనితోనే లాగాలని పెద్దది పెడితే ట్యాంకు నీళ్లను సంప్‌లోకి దించే ఓవర్‌ఫ్లో గొట్టం గురగురలాడుతుంది, నీళ్లలో సన్నటి బుడగలు నిండుతాయి, కరెంటు బిల్లు సంగతి సరేసరి.

డబ్బా మీద రాసినది ఎత్తు లేకుండా కొలిచిన అంకె. నాలుగడుగుల పైకి, రెండు మూడు ఎల్బోలు తిరిగి వచ్చేసరికి అందులో సగం మిగిలినా మిగలొచ్చు. పంట పొలానికి మోటరు కొన్నవాళ్లకు ఈ హెడ్ సంగతి తెలిసిందే.

కొలిచి చూడండి. రిటర్న్ పైపు మూతిని బకెట్‌లోకి తిప్పి, 10 లీటర్లు నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 36,000ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. 50 సెకన్లు పడితే 720 లీటర్లు. సంప్‌లో మట్టం తగ్గి పంపు గాలి పీల్చకుండా చూసుకోండి. కొలిచిన నీళ్లు వెంటనే సంప్‌లో పోసేయండి.

4. వేవ్‌మేకర్లు ఎక్కడ పెట్టాలి

రెండు చిన్నవి ఎందుకంటే, ఒకే పంపు ఒకే వైపు ధార కొడుతుంది. ధార ఎదురుగా ఉన్న పగడానికి చర్మం ఊడిపోతుంది, దాని వెనక ఉన్నదానికి ఏమీ అందదు. రెండు ధారలు ఒకదానికొకటి తగిలి విరిగినప్పుడే సముద్రంలో లాంటి దిక్కుతెలియని కదలిక వస్తుంది. పగడం అటూ ఇటూ ఊగాలి, ఒకే పక్కకు వంగి ఉండకూడదు. పైగా రెండిట్లో ఒకటి ఆగినా రెండోది ట్యాంకును కాపాడుతుంది.

మొదటి పద్ధతి: ఒకటి ఎడమ పక్క అద్దానికి, నీటి మట్టానికి అర జానెడు కిందుగా, కొంచెం పైకి చూస్తూ. రెండోది కుడి పక్క అద్దానికి, ట్యాంకు సగం ఎత్తులో, వెనక సందులోకి చూస్తూ. రెండూ ఒకే ఎత్తులో ముక్కుకు ముక్కు పెట్టకండి. మధ్యలో కొట్టుకుని రెండు ధారలూ చచ్చిపోతాయి, మూలలు అలాగే ఉంటాయి.

రెండో పద్ధతి: రెండిటినీ వెనక అద్దానికి చెరో చివర పెట్టి, ముందు అద్దం మధ్యలో కలిసేలా తిప్పండి. ధార అద్దానికి తగిలి చెదిరి కిందకు, పక్కలకు పోతుంది. నాకు మెత్తటి పగడాల ట్యాంకుకు ఇదే నచ్చింది.

మూడోది, ఒక్క పంపే ఉన్నవాళ్లకు. పక్క అద్దానికి పైభాగాన పెట్టి ట్యాంకు పొడవునా ఉపరితలం వెంట కొట్టించండి. నీరు అవతలి అద్దానికి తగిలి కిందకు దిగి, అడుగు వెంట వెనక్కి వస్తుంది. మొత్తం ట్యాంకు ఒక పెద్ద చక్రంలా తిరుగుతుంది. మధ్యలో రాళ్లు అడ్డం లేకపోతేనే ఇది పని చేస్తుంది.

బిగించేటప్పుడు అద్దం మందం చూసుకోండి. 6 మిల్లీమీటర్లకు చేసిన మ్యాగ్నెట్ 10 మిల్లీమీటర్ల అద్దం మీద రాత్రి జారుతుంది. నాకు జరిగింది. జారిన పంపు తలకిందులై ఇసుక మీదకు ధార కొట్టింది, తెల్లారేసరికి ట్యాంకు పాలలా ఉంది, ముందు వరసలోని పగడాలన్నీ ఇసుక కింద. అద్దం రెండు వైపులా పాచి, ఉప్పు తుడిచాకే మ్యాగ్నెట్ పెట్టండి. వైరును పైఅంచు దగ్గర ఒక క్లిప్పుతో పట్టి ఉంచితే, జారినా అడుగుకు చేరదు.

ఇక వైర్లు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందకు ఒక వంపు దిగి మళ్లీ పైకి పోవాలి. వైరు వెంట జారిన ఉప్పునీటి బొట్టు ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. ఎక్స్‌టెన్షన్ బోర్డును నేల మీద పడేయకండి, ట్యాంకు కింద అసలే వద్దు. గోడకు బిగించండి. చెయ్యి నీళ్లలో పెట్టే ముందు స్విచ్చులు తీసేయండి.

5. ఉపరితలం కదలాలి, చిందకూడదు

పైన దీపం వేసినప్పుడు ఇసుక మీద వెలుగు గీతలు నాట్యం చేస్తుంటే ఉపరితలం బాగున్నట్టే. నీళ్లు చిందుతుంటే ఎక్కువైంది, మూత మీద, గోడ మీద, ప్లగ్గుల మీద ఉప్పు పేరుకుంటుంది.

నూనె పొరలాంటిది కనిపిస్తోందా? ఒక టిష్యూ కాగితం పరిచి తీసి చూడండి, జిడ్డుగా ఉంటే పై నీరు ఓవర్‌ఫ్లోకు పోవడం లేదు. పైనున్న వేవ్‌మేకర్‌ను మరికొంచెం పైకి తిప్పండి, లేదా రిటర్న్ మూతిని ఓవర్‌ఫ్లో వైపు నీటిని తోసేలా మార్చండి.

ఏసీ వేసి తలుపులన్నీ మూసే గదుల్లో ఒక చిక్కు ఉంది. గదిలోనే కార్బన్ డయాక్సైడ్ పెరిగి, ఎంత కదిలించినా తెల్లవారుజామున పీహెచ్ పడిపోతుంది. పంపు పెంచితే పోదు. రోజుకు కొంతసేపు కిటికీ తెరవండి.

6. ఒక్కసారిగా పెంచకండి

కొత్త వేవ్‌మేకర్‌ను మొదటిరోజే ఫుల్‌లో పెట్టకండి. 30 శాతంతో మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి 5 లేదా 10 శాతం పెంచండి. ప్రతిసారీ పగడాలు తెరుచుకున్నాయా, చేపలు మామూలుగా ఈదుతున్నాయా చూడండి. విప్పారాల్సిన పగడం రోజంతా ముడుచుకుని ఉంటే, లేదా దాని కండ ఎముకకు అతుక్కున్నట్టు పల్చబడితే ధార ఎక్కువైంది. పగడం మీద మడ్డి పొర నిలుస్తుంటే తక్కువైంది. ఒక వైపే తెరుచుకుంటోందా, అప్పుడు వేగం కాదు, దిక్కు మార్చాలి.

ఎప్పుడూ ఒకే వేగం కాకుండా మారే మోడ్ ఉంటే పగలు అది పెట్టండి. రాత్రి తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఆపకూడదు. రాత్రి వెలుగు ఉండదు, పగడాల్లోని శైవలాలు ఆక్సిజన్ తయారు చేయవు, అందరూ పీల్చేవాళ్లే.

తిండి వేసేటప్పుడు పది నిమిషాలు ఆపడం మంచిదే. కానీ ఆపి మరిచిపోవడం అందరికీ అలవాటు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లేదా పది నిమిషాల తర్వాత తానే మొదలయ్యే ఫీడ్ బటన్ ఉన్న పంపు కొనండి.

7. నీళ్లు నిజంగా చేరుతున్నాయా: మూడు పరీక్షలు

చాలామంది దాటేసేది ఈ మెట్టే, కాబట్టి నిదానంగా చదవండి.

దారం పరీక్ష. స్ట్రా కొసకు అంగుళం అంగుళంన్నర తెల్ల దారం కట్టండి. రంగు దారం, ఊలు వద్దు. ట్యాంకును మనసులో పన్నెండు గళ్లుగా చేసుకోండి: పొడవునా మూడు, ఎత్తులో రెండు, ముందు వైపు వెనక వైపు అని రెండు. ఒక్కో గడిలో దారాన్ని పావు నిమిషం ఉంచండి. దారం ఊగుతూ దిక్కు మారుస్తుంటే బాగుంది. ఒకే దిక్కుకు బిగుసుకుని నిలిస్తే అక్కడ నేరు ధార ఉంది, పగడం పెట్టొద్దు. దారం ఊరికే కిందకు వేలాడితే ఆ గడిలో నీరు నిలిచినట్టే. కాగితం మీద గళ్లు గీసి గుర్తు పెట్టుకోండి. మొదటిసారి చేసినవాళ్లు దాదాపు అందరూ వెనక కింది గళ్ల దగ్గర ఆగిపోతారు.

సిరంజి పరీక్ష. పంపులన్నీ నడుస్తుండగా సిరంజి నిండా ట్యాంకు నీళ్లే లాగి, రాళ్ల సందుల్లోకి గట్టిగా కొట్టండి. మడ్డి లేస్తుంది. లేచిన మడ్డి ఎటు పోతోందో చూడండి. ఓవర్‌ఫ్లోకు పోతే మంచిది. తిరిగి తిరిగి ఒకే చోట దిగుతోందా? అదే మీ నిలవ నీటి మూల. గది లైట్లు ఆపి పక్కనుంచి టార్చి వేస్తే రేణువులు ఇంకా బాగా కనిపిస్తాయి. సంధ్యవేళ కిటికీ సందులోంచి పడే ఎండలో దుమ్ము తేలుతుందే, అచ్చం అలా. ఒకేరోజు అన్ని రాళ్లనూ దులిపేయకండి, పాత ట్యాంకులో అంత మడ్డి ఒక్కసారి లేస్తే చేపలకు ఊపిరాడదు. రోజుకో మూల.

తిండి పరీక్ష. గడ్డకట్టిన ఆర్టీమియా (చేపల మేతగా అమ్మే సన్నటి రొయ్యల్లాంటి జీవులు) ముక్కను కరిగించి, నీళ్లు వంపేసి, రిటర్న్ మూతి దగ్గర చిటికెడు వదలండి. అర నిమిషంలోపు అది ట్యాంకు అన్ని మూలలకూ తిరగాలి. ఏ పగడం దగ్గరికీ పోకుండా నేరుగా ఓవర్‌ఫ్లోలోకి పోతే మీ ధార దగ్గరి దారి పట్టింది. వేవ్‌మేకర్‌ను పది డిగ్రీలు తిప్పి మళ్లీ చూడండి.

ఒక్కసారికి ఒక్క పంపును మాత్రమే, కొంచెం మాత్రమే తిప్పండి. రెండూ ఒకేసారి తిప్పితే ఏది పని చేసిందో మీకే తెలియదు. తిప్పాక రెండు వారాలు వదిలి మడ్డి ఎక్కడ చేరిందో చూడండి. నా ట్యాంకుకు ఈ తిప్పుడు అయిదుసార్లు పట్టింది, మా పక్కింటి ఆంటీ అయితే ట్యాంకు పాడైందనే అనుకున్నారు.

ఎర్ర జిగురు పాచి గురించి ఒక హెచ్చరిక. అది వచ్చిన ప్రతిసారీ ప్రవాహం తప్పే కాదు. తిండి ఎక్కువేసినా వస్తుంది. పంపు తిప్పాక కూడా అదే చోట వారంలో మళ్లీ వస్తే, ముందు తిండి తగ్గించి, నీళ్లు మార్చి చూడండి.

8. కరెంటు పోతే ఏమవుతుందో ముందే మీరే ఆపి చూడండి

వర్షాకాలం ఈదురుగాలికి తీగలు తెగి మూడు నాలుగు గంటలు కరెంటు లేకపోవడం మనకు కొత్త కాదు. అప్పుడు రెండు ప్రమాదాలు.

మొదటిది వరద. రిటర్న్ పంపు ఆగగానే పైపు తిరగబడి సైఫన్‌లా ట్యాంకు నీళ్లను సంప్‌లోకి లాగుతుంది. మూడడుగుల ట్యాంకులో ఒక్క సెంటీమీటరు నీరంటే 4 లీటర్లు. పైపు మూతి 5 సెంటీమీటర్లు మునిగి ఉంటే 20 లీటర్లు దిగుతాయి. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే హాల్లో సముద్రమే. పైపు మూతి మట్టానికి వేలెడు లోతులోనే ఉంచండి, లేదా మట్టానికి కాస్త కిందుగా పైపుకు చిన్న రంధ్రం పెట్టండి. మట్టం ఆ రంధ్రం కిందకు రాగానే గాలి దూరి సైఫన్ తెగుతుంది. రంధ్రంలో నత్త కూర్చుంటే తెగదు, వారానికోసారి చూడండి. నీటిని ఒకే వైపు పోనిచ్చే చెక్ వాల్వ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, అందులో చిన్న గుల్ల ఇరుక్కున్నా కారుతూనే ఉంటుంది.

పరీక్ష సులభం. పట్టపగలు మీరు ఇంట్లో ఉన్నప్పుడు మెయిన్ ఆపండి. నీరు దిగడం ఆగాక సంప్ మట్టం ఎక్కడుందో చూసి, మళ్లీ వేసి, నడుస్తున్నప్పటి మట్టానికి మార్కర్‌తో గీత కొట్టండి. ఆ గీత దాటి ఎప్పుడూ నింపకండి.

రెండోది ఊపిరి. బ్యాటరీ ఎయిర్ పంపు, కరెంటు పోగానే తానే మొదలయ్యే రకం, అతి చవకైన బీమా. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఒక్క వేవ్‌మేకర్‌ను దానికి కలపండి. అది తాగేది 10 నుంచి 20 వాట్లు, మీ సీలింగ్ ఫ్యాన్ కంటే తక్కువ. ఇంటి కరెంటుతో నేరుగా నడిచే ఏసీ రకం పంపులు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోత పెడతాయి, వేడెక్కుతాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ బెడద లేదు. రిటర్న్ పంపు, లైట్లు ఇన్వర్టర్ మీద వద్దు.

కరెంటు వచ్చాక ఒక్కసారి కళ్లతో చూడండి. ఆగిన పంపు కొన్నిసార్లు తిరగదు, ఊరికే జుంయ్‌మంటూ ఉంటుంది.

మే నెల సంగతి

నల్గొండలో ఎండాకాలం 44, 45 డిగ్రీలు మామూలే. ట్యాంకుకు కావలసింది 25, 26. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ పడుతుంది: సముద్రపు నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 దగ్గర సుమారు 6.2. అందుకని వేసవిలో ఉపరితలపు కదలిక పెంచాలి. కానీ నీళ్లలో మునిగిన పంపు తాగే కరెంటు దాదాపు మొత్తం ఆ నీళ్లలో వేడిగా మారుతుంది. కాబట్టి మూడో పంపు దించకండి, ఉన్నదాని ముఖం పైకి తిప్పండి.

మూత తీసి, జాలీ పెట్టి, నీటి మీదకు చిన్న ఫ్యాన్ గాలి పంపండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ, చీరాల వాళ్లకంటే మనకు ఇది బాగా పనిచేస్తుంది, అక్కడ గాలిలో తేమ ఎక్కువ, ఇక్కడ పొడిగాలి. సముద్రం లేని ఊరికి దక్కిన ఒక్క లాభం ఇది. తొలకరి పడి గాలిలో తేమ ఎక్కగానే ఫ్యాన్ పనితనం తగ్గుతుంది, థర్మామీటర్ మీద కన్నేసి ఉంచండి.

ఫ్యాన్ పెడితే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఆవిరైన మేరకు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. మంచినీళ్లంటే బోరు నీళ్లు కాదు. మన నేల నీళ్లలో ఫ్లోరైడ్ గురించి దేశమంతటికీ తెలుసు, నీటిలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ పద్ధతిలో వేసే పటిక కూడా ట్యాంకుకు మంచిది కాదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఇంటి ఆర్‌ఓ నీళ్లను మిగిలిన లవణాలు కూడా తీసేసే డీఐ గొట్టం గుండా పంపి, టీడీఎస్ (నీటిలో కరిగినవాటి లెక్క) సున్నా వచ్చాకే వాడండి. పైగా గట్టి నీళ్లు పోస్తూ పోతే ఆ సున్నం పంపు ఇరుసు మీదే పేరుకుని, మీరు కష్టపడి కుదుర్చుకున్న ప్రవాహాన్ని తగ్గిస్తుంది.

పదేపదే చూసే తప్పులు

వేవ్‌మేకర్ ముఖం ఇసుక వైపు వంచడం. గుంట పడుతుంది, ఆ ఇసుక మరో మూల గుట్టవుతుంది.

పంపును మట్టానికి మరీ దగ్గరగా పెట్టడం. సుడి తిరిగి గాలి లాగుతుంది, ట్యాంకంతా బుడగలు, పైగా సైలెన్సర్ ఊడిన మోపెడ్ శబ్దం. నీరు ఆవిరై మట్టం తగ్గినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, పంపు పాడైందని కంగారు పడకండి, ముందు నీళ్లు పోసి చూడండి.

అనిమోన్ (రాతికి అతుక్కుని బతికే పువ్వులాంటి జీవి) ఉన్న ట్యాంకులో పంపుకు జాలీ లేకపోవడం. అనిమోన్ రాత్రి నడుస్తుంది. పంపులో చిక్కితే ముక్కలైపోతుంది, ట్యాంకు నీళ్లు మొత్తం చెడతాయి. స్పాంజి తొడుగు వేయండి. అయితే స్పాంజిని రెండు మూడు రోజులకోసారి పిండాలి, లేకపోతే అదే ధారను ఆపేస్తుంది.

మెత్తటి పగడాల ట్యాంకులో పక్కవాళ్ల రాతి పగడాల ట్యాంకు చూసి ప్రవాహం పెంచడం. మీ ట్యాంకులో ఉన్న జీవులు ఏవో వాటికి కావలసిందే ఇవ్వండి. గట్టి ధార కావలసినవి పైన, వద్దనేవి కింద, రాళ్ల నీడన పెట్టుకోండి. ఒకే ట్యాంకులో రెండూ కుదురుతాయి.

కడగడం

రెండు మూడు నెలలకోసారి పంపులు విప్పండి. బకెట్‌లో లీటరు నీళ్లకు రెండు మూడు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, పంపు అందులో మునిగేలా పెట్టి అరగంట నడవనివ్వండి. నిమ్మ ఉప్పు లేకపోతే తెల్ల వెనిగర్, సగానికి సగం నీళ్లతో. బ్లీచింగ్‌తో మాత్రం ఏదీ కలపకండి, విషవాయువు వస్తుంది. తర్వాత ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) బయటికి తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. మ్యాగ్నెట్ మీది ప్లాస్టిక్ పగిలి తుప్పు కనిపిస్తే ఆ పంపు మళ్లీ ట్యాంకులోకి పోకూడదు, ఎంత ఖరీదైనదైనా సరే.

రెండు పంపులనూ ఒకేరోజు తీయకండి, ఒకటి కడిగేటప్పుడు రెండోది నడవాలి. కడిగిన పంపు కొత్తదానిలా కొడుతుంది, అందుకని వేగం 10 శాతం తగ్గించి మొదలుపెట్టండి. ఆపైన దారం తీసి పన్నెండు గళ్లూ మళ్లీ చూడండి. పాత చోటే పెట్టాననుకుంటారు కానీ వేలెడు పక్కకు జరిగి ఉంటుంది. అందుకే నేను ట్యాంకు బయటి అద్దం మీద మ్యాగ్నెట్ చుట్టూ మార్కర్‌తో గీత గీసి పెట్టుకున్నాను.